పిల్లల చెయ్యి అందే ఎత్తు

రాజుల కోటలకి చరిత్ర ఉంది. గోడ మందమెంతో, బురుజు ఎవరు కట్టించారో చెప్పే పుస్తకాలు కావలసినన్ని. మామూలు సంసారి ఇంట్లో పెరుగుకుండ ఎంత ఎత్తున వేలాడేదో చెప్పాలని మాత్రం ఎవరికీ తోచినట్టు లేదు. నిజానికి శత్రువుకి భయపడి రాజులు కోటగోడలు లేపినట్టే, పసిపిల్లలకి భయపడి ఆడవాళ్ళు ఇంట్లో సామాన్లు పైకి పైకి జరుపుకుంటూ వచ్చారు. ఈ రెండో యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది!

ఇందులో మొట్టమొదటి ఆయుధం ఉట్టి. దూలానికో కొక్కెం, దానికి తాళ్ళతో అల్లిన చిక్కం, అందులో ఒకదానిమీద ఒకటిగా కుండలు. అడుగున పెద్దది, పైకి పోయేకొద్దీ చిన్నవి. పాలూ పెరుగూ వెన్నా అందులో భద్రం. చీమకి అందదు, ఎలకకి అందదు, పిల్లికీ పిల్లలకీ అసలే అందదు. పిల్లి శాపాలకి ఉట్లు తెగవని సామెత కూడా ఉంది కదా. పిల్లల సంగతి ఆ సామెత చెప్పలేదు. అది భాగవతం చెప్పింది.

సంస్కృతంలో ఉట్టిని శిక్యం అంటారు. భాగవతం దశమస్కంధంలో గోపికలు యశోద దగ్గరికొచ్చి చేసిన ఫిర్యాదులు చదవండి. పీటలూ రోళ్ళూ ఒకదానిమీద ఒకటి ఎక్కించి ఉట్టి అందుకుంటున్నాడట. అప్పటికీ అందకపోతే కుండకే చిల్లి పెడుతున్నాడట. మనం భక్తితో చదువుకుంటాం, బాగానే ఉంది. ఇల్లు సర్దుకునే మనిషి కళ్ళతో చదివితే అది పిల్లలకి అందకుండా చేసిన ఏర్పాటు ఎలా విఫలమైందో పూసగుచ్చినట్టు చెప్పిన నివేదిక! ఆ తరవాత యశోద పిల్లవాణ్ణే రోటికి కట్టేసింది. వాడు రోలు ఈడ్చుకుపోయి రెండు మద్దిచెట్లు కూల్చేశాడు. అదీ పనిచెయ్యలేదన్నమాట.

ఉట్టి తరవాత మన పాత ఇళ్ళలో తక్కిన ఏర్పాట్లన్నీ ఆ వరసలోవే. బట్టలకి దండెం. వెదురుగడ అడ్డంగా వేలాడదీసి, మడిబట్టలైతే కర్రతో ఆరేసి కర్రతోనే తీసేవారు. గోడలో దిగ్గొట్టిన చిలకకొయ్యలు కండువాలకీ సంచులకీ. దీపానికీ, కుంకుమభరిణకీ గోడలోనే గూళ్ళు. వాడని ఇత్తడి గంగాళాలూ, పాతర పెట్టుకున్న చింతపండూ అటకమీద. నేలమీద మిగిలింది భోషాణం ఒక్కటే. దానికి బండెడు తాళం, పైన పరుపేసుకుని పడుకునే ఓ పెద్దాయన. అందుకే మండువా లోగిలి ఫొటోలు చూసినవాళ్ళు, అబ్బ, ఇల్లు ఎంత విశాలంగా ఖాళీగా ఉందో అంటారు. ఖాళీ ఏమీ కాదు. సామాను మనిషి తల పైన ఉంది, అంతే.

మరి ఆ తల పైనున్నది దింపేదెవరు? ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందా అన్నారు మన పెద్దలు. చూశారా, ఎగరలేనయ్య అనలేదు! చంటిది చంకలో ఉండగా పీటెక్కి పెరుగు దింపడం, కర్ర పట్టుకుని దండెం మీద చీర లాగడం, నిచ్చెనేసి అటకెక్కడం, రోజుకి ఎన్నిసార్లో ఎవరు లెక్కపెట్టారు గనక. పిల్లవాడికి అందకుండా ఒక వస్తువు పైన పెట్టామంటే, వాడికి కావలసినప్పుడల్లా దాన్ని దింపే పని ఒకరికి అంటగట్టామన్నమాటే.

పైన పెట్టడానికి వీల్లేనివీ కొన్ని ఉన్నాయి. నుయ్యి, పొయ్యి, మరుగుతున్న నీళ్ళ కాగు. నూతికి చుట్టూ గట్టు కట్టారు. గడపలు ఎత్తుగా పెట్టారు. పాకే పిల్ల వాటి దగ్గర ఆగుతుంది, కనీసం రెండు మూడు నెలలు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచుకునే జాతి మనది. మా వైపు పిల్ల గడప దాటినా ఏదో ఒకటి వండి నలుగురికీ పంచేవారు. పండగ సరే, ఆ రోజు నుంచీ తల్లికి కాపలా ఉద్యోగం! ఇహ పొయ్యికి గట్టూ లేదు, గడపా లేదు. నేలమీదే మంట, పక్కనే కాగు. దానికి మనవాళ్ళు కనిపెట్టిన అడ్డుగోడ పేరు బూచాడు. కాణీ ఖర్చులేని మరమ్మతు. కాలిన మచ్చలు మోకాళ్ళమీదో, చేతులమీదో లేని ముసలివాళ్ళు మా ఊళ్ళో తక్కువే, కాబట్టి బూచాడు ఏపాటి పనిచేశాడో మీరే ఊహించుకోండి.

తరవాత అలమార వచ్చింది. పేరు పోర్చుగీసువారిది, వస్తువు మనది చేసుకున్నాం. 1923లో గోద్రెజ్ వారు ఉక్కు బీరువాలు చెయ్యడం మొదలుపెట్టారు. మన మధ్యతరగతి ఇళ్ళల్లోకి వచ్చేసరికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది గానీ, రాగానే భోషాణం దొడ్లోకి పోయింది. ఎత్తు పోయి తాళం వచ్చింది. తాళంచెవుల గుత్తి మాత్రం మళ్ళీ ఇల్లాలి బొడ్లోనే.

తాళం అనగానే నాకు గుర్తొచ్చేది ఇటలీలో జరిగిన ఒక సంగతి. రోము నగరంలో శాన్ లోరెంజో అని ఓ పేదల పేట. అక్కడి పెద్ద పెద్ద వాటాల ఇళ్ళల్లో తల్లిదండ్రులు పనికి పోతే, పిల్లలు మెట్లమీదా గోడలమీదా ప్రతాపం చూపిస్తున్నారని ఇళ్ళ యజమానులు బెంబేలెత్తిపోయారు. పిల్లల్ని ఓ గదిలో పోగుచేసి చూసుకొనేందుకు ఒక డాక్టరమ్మని పిలిచారు. ఆవిడే మరియా మాంటిసోరీ. 1907 జనవరిలో ఆ గది తెరిచారు. అంటే పిల్లల మీద ప్రేమ కంటే గోడలమీద ప్రేమే అక్కడ ముందు పుట్టింది!

ఆ గదిలో ఆట సామాన్లన్నీ ఒక పెద్ద అలమారలో ఉండేవి. తాళంచెవి పంతులమ్మ దగ్గర. ఆవిడ తీసి ఇవ్వాలి, ఆవిడే తిరిగి సర్దాలి. ఒకనాడు ఆవిడ తాళం వెయ్యడం మరిచిపోయి, మర్నాడు ఆలస్యంగా వచ్చింది. వచ్చి చూస్తే తలుపు తీసి ఉంది. పిల్లలు ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుని పనిలో మునిగి ఉన్నారు. పంతులమ్మకి మండిపోయింది. ఇది దొంగతనం, వీళ్ళకి గట్టిగా బుద్ధి చెప్పాలంది. మాంటిసోరీ మాత్రం వేరేగా చూసింది. ఏ వస్తువు ఎక్కడుందో వీళ్ళకి తెలుసు, ఏది కావాలో ఎంచుకోగలరు, ఇంక తాళమెందుకు అనుకుంది. పెద్ద అలమార పోయి పిల్లల చేతికందే పొట్టి అలమారలొచ్చాయి. చిన్న కుర్చీలూ, తేలికైన బల్లలూ అంతకుముందే చేయించింది.

గోకులంలోనూ జరిగింది అదే కదా! గోపికలు పంతులమ్మలాగే దొంగతనం అన్నారు. మనం కాస్త ముద్దుచేసి వెన్నదొంగ అన్నాం. అంతమంది కవులున్న దేశంలో, ఉట్టి కాస్త కిందికి దించి చూద్దాం అని మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

ఆ మాంటిసోరీ 1939లో, అరవైతొమ్మిదో ఏట, మన మద్రాసుకే వచ్చింది. అప్పుడు ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాజధానిలోవే. అడయారులోని దివ్యజ్ఞాన సమాజం వారు పిలిస్తే కొన్నాళ్ళు పాఠాలు చెప్పి వెళ్దామని వచ్చింది. మూడువందల మందికి పైగా చేరారు. ఇంతలో యుద్ధం ముదిరింది. 1940లో ఇటలీ యుద్ధంలో దిగడంతో ఆవిడా, కొడుకు మారియో శత్రుదేశస్థులైపోయారు. కొడుకుని నిర్బంధించి, ఆవిడ డెబ్భయ్యో పుట్టినరోజుకి కానుకగా విడిచిపెట్టారు. 1946 దాకా ఆవిడ మన దేశంలోనే ఉండిపోయింది. ఆవిడ పేరుతో ఇవాళ సందుకో బడి ఉంది. అందులో కొన్నిటికి పొట్టి అలమార ఒక్కటే తక్కువ.

ఇదంతా బడి సంగతి, ఇంటి సంగతేమిటంటారా? జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కొత్త ఇళ్ళు కడుతూ 1926లో ఒక వంటిల్లు తయారుచేశారు. చేసింది మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే ఇరవైతొమ్మిదేళ్ళ ఆస్ట్రియా అమ్మాయి. వెడల్పు రెండు మీటర్లయినా లేదు, పొడుగు మూడున్నర లోపు. పప్పుకీ పంచదారకీ పేర్లు రాసిన అల్యూమినియం డబ్బాలు వరసగా, పిండికి ఓకు చెక్క సొరుగు, అన్నీ చేతికందేంత దూరంలో. పక్కగదిలో పిల్లలు కనబడేలా జరిపే తలుపొకటి. అలాంటివి 10,000 దాకా కట్టారు. ఇప్పటి మన మాడ్యులర్ కిచెన్లకి అమ్మమ్మ అదే. తనకి వంట చెయ్యడం అలవాటు లేదని ఆవిడే తరవాత చెప్పుకుంది! ఆ మాట విన్నాక నాకు కొన్ని సంగతులు అర్థమయ్యాయి. ఆ వంటింట్లో ఇంకో మనిషికి చోటు లేదు, చంటిపిల్లకి అసలే లేదు. తల్లి అవతలి గదిలోని పిల్లని చూడగలదు, పిల్ల వచ్చి చిక్కుడుకాయలు ఒలవడానికి మాత్రం జాగా ఉండదు. మా అమ్మమ్మగారి మసివంటింట్లో ఆ జాగా ఉండేది. అక్కడ నేలమీద మంటా ఉండేదనుకోండి.

ఆ మంట మన ఇళ్ళల్లో పైకెక్కడానికి గ్యాసు రావలసి వచ్చింది. ఇండేన్ సిలిండర్ మొదట 1965లో కలకత్తాలో ఒక ఇంట్లోకి వెళ్ళింది. అక్కణ్ణించి మన ఊళ్ళకొచ్చాక, గచ్చు కింద ఉన్న పొయ్యి నల్లరాతి గట్టెక్కింది. పొయ్యి గట్టెక్కింది అంటే ఇల్లాలూ గట్టెక్కిందనే అనుకున్నారు అందరూ. కూచునే వంట పోయి నిలబడే వంట వచ్చింది, నడుంనొప్పి చోటు మారింది. పాకే పిల్లకి మంట తప్పిన మాట నిజం. నిలబడే పిల్ల చెయ్యి చాచి గిన్నె అంచు లాగితే మాత్రం పులుసు తలమీదే. గిన్నెల కాడలు గోడవైపు తిప్పి పెట్టడం మా తరం ఇల్లాళ్ళు నేర్చుకున్న కొత్త శాస్త్రం.

కరెంటుదీ ఇదే కథ. పాత రోజుల్లో చెక్కపలక మీద నల్లటి గుండ్రటి స్విచ్చులు పెద్దవాళ్ళ భుజమెత్తున ఉండేవి. ఫ్రిజ్జులూ టీవీలూ వచ్చాక ప్లగ్గులు నేలకి జానెడెత్తుకి దిగాయి, సరిగ్గా పాకే పిల్ల వేలికి ఎదురుగా. దీనికి మందు ముందే కనిపెట్టి ఉంచారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బ్రిటన్‌లో, యుద్ధం తరవాత కట్టే ఇళ్ళల్లో కరెంటు ఎలా ఉండాలో తేల్చే సంఘంలో ఇరవైమంది ఉంటే, ఆడది ఒక్కర్తే. పేరు కరోలిన్ హాజ్‌లెట్, ఇంజనీరు. పిల్లల భద్రత మాట గట్టిగా పట్టుబట్టింది ఆవిడే. 1947లో వాళ్ళు తెచ్చిన మూడుపిన్నుల ప్లగ్గులో పొడుగుపిన్ను ముందు లోపలికెళ్ళి, తక్కిన రెండు రంధ్రాలకీ అడ్డంగా ఉన్న మూతల్ని తెరుస్తుంది. ఒఠ్ఠి వేలికీ మేకుకీ అవి తెరుచుకోవు. ఇవాళ మన దగ్గరా ఇలాంటి మూతలున్న సాకెట్లు దొరుకుతున్నాయి, అడిగి కొనుక్కుంటే.

ఇవన్నీ చదువుతూ కూచుంటే పని జరగదు కదా. మా ఇంట్లో మరిది పిల్లలిద్దరు. దానికి ఎనిమిదేళ్ళు, వాడికి నాలుగు. కిందటి వేసవిలో మా తోడికోడలూ నేనూ కలిసి వడ్రంగిని పిలిచి, పాత కావడిపెట్టె చెక్కలు రెండు కోయించి, వంటింటి తలుపు పక్కన రెండడుగుల ఎత్తున అర బిగించాం. వాళ్ళ కంచాలూ గ్లాసులూ అందులో. హాల్లో గోడకి మూడడుగుల దగ్గర నాలుగు కొక్కేలు, సంచులకీ తువ్వాళ్ళకీ. ఖర్చు ఐదువందల లోపే. "గోడకి ఆ పొట్టికొయ్యలేమిటే, మరుగుజ్జులున్నారా ఇంట్లో?" అన్నారు మా అత్తయ్యగారు. "ఇద్దరున్నారు కదత్తయ్యా!" అంది మా తోడికోడలు. రెండు గ్లాసులు నేల పాలయ్యాయి, స్టీలువి గనక చొట్టలతో సరి. మంచినీళ్ళకి మాత్రం ఇప్పుడు వాడు నన్ను పిలవడు. నవల మధ్యలో ఉన్న రచయిత్రికి అదెంత వరమో మీకు చెప్పనక్కర్లేదు.

చీపుళ్ళ మూలనుండే ఫినాయిలూ, కత్తిపీటా, అగ్గిపెట్టే, మందులూ మాత్రం దించలేదు. దించము కూడా. ఉట్టికి ఆ మర్యాద ఇంకా మిగిలే ఉంది.

మందుల దగ్గరే కొత్త చిక్కొచ్చింది. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు వాళ్ళమ్మకి మోకాళ్ళనొప్పుల మాత్రల సీసా పంపింది. దాని మూత నొక్కి పట్టి తిప్పితే గానీ రాదు. 1967లో కెనడాలో ఆంరీ బ్రో అనే పిల్లల డాక్టరు, మందులు మింగేసి ఆస్పత్రికొచ్చే పసివాళ్ళని చూసి చూసి విసిగి, ఇలాంటి మూత చేయించాడు. 1970లో అమెరికాలో దీనికో చట్టం వచ్చింది. అయిదేళ్ళలోపు పిల్లలకి మూత రాకూడదు, పెద్దలకి కష్టం కాకూడదు. పెద్దలంటే ఎవరనుకున్నారో తెలుసా? పరీక్షకి కూచోబెట్టింది 45 ఏళ్ళ లోపు వాళ్ళని! 1995లో గానీ యాభై దాటినవాళ్ళచేత తీయించి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. మా అత్తయ్యగారికి డెబ్భైనాలుగు. ఆ పరీక్షకి ఆవిడ వయసువాళ్ళని ఇప్పటికీ పిలవడం లేదు, డెబ్భై దగ్గరే ఆగారు.

ఆ సీసా ఇప్పుడు గోడ అలమార పై అరలో ఉంటుంది. మాత్ర వేసుకునే వేళకి ఆవిడ "ఏమేవ్, ఇలా రా" అని మనవరాల్ని కేకేస్తారు. దింపేది నేను, మూత తీసేది అది.