చేపపిల్లల అన్నప్రాశనం

గాజుతొట్టిలో పెంచే చేపలు గుడ్లు పెట్టవచ్చు. ఆ గుడ్లు చక్కగా పొదగనూవచ్చు. అయినా కొద్ది రోజులలోనే పిల్లలన్నీ చచ్చి తొట్టి అడుగున పడి ఉండటం చేపలను పెంచేవారు తరచు చూచేదే. నీరు చెడలేదు, రోగమూ లేదు. అవి ఆకలితో చచ్చినవి.

గుడ్డునుండి వెలువడిన చేపపిల్ల పొట్టక్రింద ఒక సొనసంచి ఉంటుంది. ప్రయాణానికి కట్టి ఇచ్చిన చద్దిమూట వలె అది కొద్దికాలమే వస్తుంది. అది తీరిన మీదట పిల్ల తానే వేటాడుకోవలె. కాని దాని నోరు అతి చిన్నది. పైగా అనేక జాతుల పిల్లలు కదలని వస్తువును ఆహారంగా గుర్తించవు. ఉడికించిన కోడిగ్రుడ్డు సొనను చిదిపి చల్లితే, అవి తిన్నది పోగా మిగిలినది కుళ్ళి నీటిని పాడుచేస్తుంది. చెరువునుండి దేవితెచ్చిన డాఫ్నియా వంటి జీవులు మంచి ఆహారమే. అయితే వాటి వెంట పరాన్నజీవులు, చేపపిల్లలను పట్టి తినే తూనీగ డింభకాలు కూడా రావచ్చు.

1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజల కొరకు చేపల శాల తెరిచిన తరువాత అక్వేరియం వేడుక బాగా వ్యాపించింది. పిల్లల ఆకలి సమస్య మాత్రం ఇంకా ఎనభై ఏళ్ళు నిలిచే ఉన్నది. దానికి పరిష్కారం చేపలు బ్రతకలేనంత ఉప్పునీటిలో దొరకడం విచిత్రం.

ఇంగ్లండులోని లిమింగ్టన్ ఉప్పుమడులలో ఈదులాడే ఒక చిన్న జీవిని 1755లో ష్లోసర్ వర్ణించాడు. అదే ఆర్టీమియా. దానిని తినే చేపలు ఆ ఘాటైన ఉప్పునీటిలో ఉండవు గనుక అక్కడ అది లక్షోపలక్షలుగా పెరుగుతుంది. 1933లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్ట్ అక్వేరియానికి చెందిన ఆల్విన్ సీల్ ఆర్టీమియా పిల్లలు చేపలకు తృప్తికరమైన సజీవాహారమని ప్రకటించాడు. 1939లో నార్వేలో రోలెఫ్‌సెన్ వాటితో సముద్రపు చేపపిల్లలను పెంచి చూపాడు.

ఈ జీవికున్న గొప్ప సౌకర్యం దాని కోశం. పరిస్థితులు వికటించినప్పుడు ఆర్టీమియా గట్టి పెంకుగల కోశాలను విడుస్తుంది. లోపలి పిండం ఎండి, ట్రెహలోస్ అనే చక్కెర రక్షణలో ఏండ్ల తరబడి నిద్రించగలదు. గసగసాలకంటె చిన్నవైన ఈ కోశాలను డబ్బాలో దాచవచ్చు. కావలసినప్పుడు 25–28 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిగల ఉప్పునీటిలో వేసి గాలి ఊదితే సుమారు ఒక దినంలో పిల్లలు బయటపడతాయి. వెలుగు చూపిన వైపునకు అవి గుమికూడుతాయి గనుక పెంకులనుండి వేరుచేయడం సులభం. మంచినీటి తొట్టిలో కొన్ని గంటలే బ్రతుకుతాయి. అందుచేత కొద్దికొద్దిగానే వేయవలె.

జపానులో మరొక కథ నడిచింది. అక్కడి ఈల్ చేపల చెరువులలో నీటిని మార్చివేసి రైతులను వేధించే బ్రాకియోనస్ అనే రోటిఫర్‌ను తకాషి ఇటో 1960లో సముద్రపు చేపపిల్లలకు మేతగా వాడాడు. ఆర్టీమియాకంటె కూడా చిన్నదగుటచే అది మరీ చిన్న నోళ్ళకు సరిపోయింది. ఒక చెరువులో పీడ మరొక తొట్టిలో పాలబువ్వ అయినది.

అయితే మేత ప్రాణంతో ఉంటే చాలునా? చాలదు. ఈస్టుపై మాత్రమే పెంచిన రోటిఫర్లను కడుపునిండా తిన్న సముద్రపు చేపపిల్లలు గుంపులుగా చచ్చినవి. వాటికి అత్యవసరమైన కొన్ని కొవ్వు ఆమ్లాలు ఆ మేతలో లేవని 1970 దశకంలో వటనబే మొదలైన శాస్త్రజ్ఞుల పరిశోధనలలో తేలింది. ఆర్టీమియాలోనూ ఒక్కొక్క చోటి కోశాలు ఒక్కొక్క తీరుగా ఉన్నవి. దానితో మేతకే ముందుగా మేత పెట్టే పద్ధతి వచ్చింది: చేపనూనెను నీటిలో సన్నని తుంపరలుగా కలిపి ఆర్టీమియాకు తినిపించి, పిదప దానిని చేపపిల్లలకు అందిస్తారు. ఆంధ్ర తీరంలోని రొయ్యపిల్లల ఉత్పత్తి కేంద్రాలలో నేడు ఆర్టీమియా నిత్యావసరం.

అప్పుడే పుట్టిన ఆర్టీమియా తన సొనపైనే ఆధారపడుతుంది. ఒక దినం అలాగే ఉంచితే దాని శక్తిలో సుమారు నాలుగోవంతు కరిగిపోతుంది. ఒళ్ళు పెరిగి, ఈత వేగమై, చేపపిల్ల నోటికి చిక్కడమూ కష్టమవుతుంది. తెల్లవారి పొదిగిన మేతను సాయంత్రానికి దాచకుండా వెంటనే వడగట్టి వేయడం అందుకే.