గుండెలపై కూర్చున్నదెవరు?

అర్ధరాత్రివేళ మెలకువ వచ్చును. గది కనబడుచునే యుండును, గడియారపు చప్పుడు వినబడుచునే యుండును. కాని చేయి కదలదు, నోట మాట పెగలదు, ఎవరో గుండెలమీద కూర్చున్నట్లు ఊపిరి సలపదు. కొద్ది నిమిషములలో అంతయు తొలగిపోవును. దీనిని దయ్యపు చేష్టగా నెంచి తలగడక్రింద ఇనుపముక్క ఉంచుకొనువారిని మేమెరుగుదుము. ఈ ప్రసంగము సిద్ధపరచుచుండగా మా మిత్రులిద్దరు తమకును ఇట్లే యగుచుండునని మెల్లగా బయటపెట్టినారు. ఇంతవరకు చెప్పుకొనుటకు సిగ్గుపడినారట!

ఇంగ్లీషువారు పీడకలను 'నైట్‌మేర్' అందురు. ఇందలి 'మేర్' నిద్రించువారి రొమ్ముపై కూర్చుండు పిశాచమునకు పాతపేరు, ఆడుగుఱ్ఱము కాదు. అయినను ఫ్యూజెలీ 1781లో చిత్రించిన ప్రసిద్ధ పటములో స్త్రీ రొమ్ముపై పిశాచమును కూర్చుండబెట్టి, తెరచాటునుండి గుఱ్ఱమును కూడ తొంగిచూడనిచ్చినాడు. అంతకుముందే, 1753లో, జాన్ బాండ్ అను వైద్యుడు దీనిపై ఒక గ్రంథమే వ్రాసినాడు. ఆయన స్వయముగా ఈ బాధ పడినవాడు. వెల్లకిల పండుకొనుటచే మెదడున రక్తము నిలిచిపోవునని ఆయన తలచినాడు. ఆ కారణము నిలువలేదు. వెల్లకిల పండుకొన్నపుడే ఇది హెచ్చుగా వచ్చునన్న మాటమాత్రము నిలిచినది.

1928లో విల్సన్ అను నాడీవైద్యుడు దీనిని 'నిద్రా పక్షవాతము' అన్నాడు. 1953లో షికాగో పరిశోధకులు, నిద్రలో కనుగ్రుడ్లు చురుకుగా కదలు దశను కనుగొన్నారు. కలలు మెండుగా వచ్చు ఆ దశలో మెదడు కండరములను సడలించి ఉంచునని తరువాత తేలినది. లేనిచో కలలో పరుగెత్తువాడు మంచముపైనుండి లేచి పరుగెత్తును. మనస్సు ముందు మేల్కొని దేహము వెనుకబడినపుడే ఈ చిక్కు.

అయితే కొందరికి జన్మకొకసారి వచ్చునది మరికొందరికి మాటిమాటికి వచ్చుట ఏల?

దీనికి కొంత సమాధానము కంబోడియా కాందిశీకులనుండి లభించినది. 1975 ఏప్రిల్ మొదలు 1979 జనవరి వరకు సాగిన ఖ్మేర్ రూజ్ పాలనలో ఆకలిచేతను, రోగములచేతను, హత్యలచేతను 15 నుండి 20 లక్షలమంది మరణించినట్లు అంచనా. బ్రతికి అమెరికా చేరినవారికి చికిత్స చేసిన డెవన్ హింటన్ అను మానసిక వైద్యుడు, ఆయన సహచరులు తమ పరిశీలనలను 2005లో ప్రకటించినారు. ఘోరానుభవముల తరువాత మనస్సును విడువక పీడించు వ్యాధి ఉన్నవారికి, లేనివారికంటె ఈ నిద్రాబాధ చాల తరచుగా వచ్చుచుండెను. 'దయ్యము అణగద్రొక్కును' అని వారి వాడుక. నల్లని ఆకారము మీదికి వచ్చును. అది నాటి హంతకుడని కొందరు, అంత్యక్రియలు లేక పోయిన తమవాడని కొందరు తలచిరి. ఆ క్షణమున పాత దృశ్యములన్నియు కన్నులకు కట్టును. మరునాటి రాత్రి నిద్రకే భయము. నిద్ర చెడినకొలది బాధ తిరిగి వచ్చును.

ప్రక్కకు తిరిగి పండుకొనుడని, వేళకు నిద్రించుడని వారికిని చెప్పవచ్చును. కాని వైద్యుడు మంచముచెంత కూర్చుండి, వచ్చిన ఆ ఆకారము ఎవరిదని కూడ అడుగవలసివచ్చినది.