దవాఖాన చీటీలో మాటలు – వాటి వెనుక చరిత్ర

మనమందరం ఏదో ఒక శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన వాళ్ళమే. ప్రతి శాఖకూ తనదైన భాష ఉంటుందన్నది మనకు కొత్త కాదు. రెవెన్యూ వారికి పహాణీ, జమాబందీ. ట్రెజరీ వారికి చలానా, వోచరు. ఉపాధ్యాయులకు హాజరుపట్టీ, టి.సి. సర్వీసులో ఉండగా మనం పెద్దగా పట్టించుకోక, పెన్షను పుచ్చుకునే రోజుల్లో తప్పనిసరిగా నేర్చుకోవలసి వచ్చిన భాష మరొకటి ఉంది. అది ఆసుపత్రి భాష. ఆ మాటలు మన ప్రాంతానికి ఎట్లా వచ్చాయో, వాటిని తెలుసుకోవడం ఎందుకు అవసరమో సభ్యుల దృష్టికి తేవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దవాఖానా? ఆసుపత్రా?

పెనుబల్లి నిజాం ఇలాకాలోని ఊరు. పక్కనే ఉన్న తిరువూరు మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లాలోనిది. అడవి దాటి వెళితే వచ్చే భద్రాచలం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది. అంటే మన ఊరు రెండు పరిపాలనల అంచున ఉండేదన్న మాట. అందుకే ఇక్కడి పెద్దల నోట రెండు మాటలూ వినిపిస్తాయి. ‘దవా’ అంటే మందు, ‘ఖానా’ అంటే ఇల్లు. ఈ ‘దవాఖాన’ ఉర్దూ ద్వారా వచ్చింది. ఇంగ్లీషు ‘హాస్పిటల్’ మన నాలుక మీద అరిగి ‘ఆసుపత్రి’ అయింది.

హైదరాబాదులో 1846లో నెలకొల్పిన మెడికల్ స్కూల్లో మొదట పాఠాలు ఉర్దూలోనే చెప్పారు. ఆ తరువాత 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం అవసరాల కోసం అనువాద విభాగం వైద్య గ్రంథాలను సైతం ఉర్దూలోకి తెచ్చింది. అటు మద్రాసు వైపు వైద్య విద్య ఇంగ్లీషులో సాగింది. ఈ రెండింటిలో ఏదీ రోగి మాట్లాడే తెలుగు కాదు, అడవి పల్లెల్లోని కోయ భాష అసలే కాదు. 2018లో బస్తీ దవాఖానలు ప్రారంభమైనప్పుడు ఆ పాత మాట మళ్ళీ సర్కారు బోర్డుల మీదికి ఎక్కడం ఒక విశేషం.

ఊరి పేరు – రిజిస్టరు పేరు

మన అడవి అంచున చలిజ్వరమనీ, మన్యం జ్వరమనీ పిలిచిన దానికే రిజిస్టరులో మలేరియా అని పేరు. అది ఇటాలియన్ మాట. ‘చెడు గాలి’ అని అర్థం. గాలి కాదు, దోమ కారణమని 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ కనుగొన్నా, పేరు మాత్రం పాతదే నిలిచిపోయింది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాక స్లయిడు, స్ప్రే అనే మాటలు పల్లెల దాకా వచ్చాయి. రక్తపు చుక్కలో వైవాక్స్ క్రిమి కనిపిస్తే పి.వి., ఫాల్సిపారం కనిపిస్తే పి.ఎఫ్. అని రాసేవారు. రెండవది మెదడుకు ఎక్కి ప్రాణం తీయగలదు కాబట్టి ఆ ఒక్క అక్షరం తేడా చాలా పెద్దది.

ఏడాదిలో వెయ్యి మంది జనాభాకు ఎన్ని పాజిటివ్ కేసులు తేలాయో చెప్పే లెక్కను ఎ.పి.ఐ. అంటారు. 1977 నాటి సవరించిన పథకంలో ఆ లెక్క రెండు, అంతకు మించి ఉన్న చోట్ల ఇళ్ళకు మందు కొట్టాలని నిర్ణయించారు. అంటే లోపలి గూడెంలో ఎంతమంది చలిజ్వరంతో మూలిగినా, వారి రక్తం స్లయిడు మీదికి ఎక్కకపోతే అది లెక్కలోకి రాదు. లెక్కలోకి రానిదే మందు రాదు.

దీనికి మరో వైపు మశూచి. ‘అమ్మవారు పోసింది’ అన్న మాట మశూచికీ వాడారు, ఆటలమ్మకూ వాడారు. మొదటిది ప్రాణాంతకం, రెండవది చాలా మందికి దానంతటదే తగ్గేది. మశూచి నిర్మూలన రోజుల్లో కార్యకర్తలు పొక్కులతో ఉన్న బిడ్డ బొమ్మ గల కార్డు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, ‘ఇట్లా ఉందా?’ అని అడిగేవారు. పేరుతో తేలని సంగతి బొమ్మతో తేలింది. 1977 ఏప్రిల్లో మన దేశానికి మశూచి పీడ విరగడైనట్లు ధ్రువీకరించారు.

కొన్ని పేర్లు మనిషిని గాయపరుస్తాయి. కుష్ఠును ‘పెద్దరోగం’ అని గుసగుసగా అనేవారు. 1873లో ఆ క్రిమిని కనుగొన్న శాస్త్రజ్ఞుని పేరిట దానిని హాన్సెన్ వ్యాధి అనడం కొంత ఊరట. ఆ వ్యాధిని విడాకులకు కారణంగా చూపే నిబంధనను మన చట్టాల నుండి తొలగించింది మాత్రం 2019లోనే!

కేస్ షీటు భాష

కేస్ షీటులో ‘సి/ఓ’ అని ఉంటే మనం ఉత్తరాల మీద రాసే ‘కేరాఫ్’ కాదు. రోగి చెప్పుకున్న బాధ అని అర్థం. ‘హెచ్/ఓ’ అంటే పూర్వ చరిత్ర. ‘కె/సి/ఓ’ అంటే ఇదివరకే తెలిసిన జబ్బు. ‘ఎన్.ఎ.డి.’ అంటే తేడా ఏదీ కనపడలేదని. ‘లామా’ అంటే డాక్టరు సలహాకు విరుద్ధంగా వెళ్ళిపోయారని. సంతకం పెట్టేముందు ఈ మాటను తప్పక గమనించాలి.

రోగి బాధను అతని మాటల్లోనే రాయాలని వైద్య విద్యార్థులకు నేర్పుతారు. రాసేది ఇంగ్లీషులో కావడంతో అసలు మాట జారిపోతుంది. ‘నీరసంగా ఉంది’ అంటే ‘వీక్‌నెస్’ అని రాస్తారు. వైద్యంలో ఆ మాటకు చెయ్యో కాలో పట్టు తప్పడం అనే అర్థం కూడా ఉంది. అది పక్షవాతానికి సూచన. అందుచేత ‘కుడి చెయ్యి పట్టు తప్పింది’, ‘అన్నం సహించక ఓపిక లేదు’ అని విడమరిచి చెప్పడమే మేలు.

మందుల చీటీలోనివి చాలావరకు లాటిన్ ముక్కలు. బి.డి. అంటే రోజుకు రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు, హెచ్.ఎస్. అంటే పడుకునేముందు, ఎస్.ఓ.ఎస్. అంటే అవసరమైతేనే. ఎ.సి. తిండికి ముందు, పి.సి. తిన్న తరువాత. ఓ.డి. అంటే రోజుకు ఒకసారి. అదే కళ్ళద్దాల చీటీలో అయితే కుడి కన్ను! థైరాయిడ్ మాత్రల బలం మైక్రోగ్రాములలో ఉంటుంది. వెయ్యి మైక్రోగ్రాములైతే ఒక మిల్లీగ్రాము. ఇన్సులిన్ సీసా మీద 40 ఉంటే 40 సిరంజీ, 100 ఉంటే 100 సిరంజీయే వాడాలి.

కాగితం మన ఆస్తి

వ్యాధులకు ప్రపంచమంతటా ఒకే జాబితా ఉండాలన్న ఆలోచన 1893లో రూపం దాల్చింది. 1948 నుండి ఆ జాబితాను ప్రపంచ ఆరోగ్య సంస్థ చూస్తోంది. పదో కూర్పులో ఫాల్సిపారం మలేరియాకు బి50, వైవాక్స్‌కు బి51 సంకేతాలు. పదకొండో కూర్పు 2022 జనవరి నుండి అమలులోకి వచ్చింది. డిశ్చార్జి కాగితంలో ఇటువంటి సంకేతం కనిపిస్తే కంగారు పడనక్కరలేదు.

2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ల రికార్డులను మూడేళ్ళు భద్రపరచాలి. రోగి కోరితే 72 గంటలలో ఇవ్వాలి. మందుల పేర్లు అర్థమయ్యేలా, వీలైతే పెద్ద అక్షరాలలో రాయాలని 2016లో సవరించారు. మెడికల్ రీయింబర్స్‌మెంటు కోసం ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్టు, డిశ్చార్జి సమ్మరీ జతపరిచేముందు పేరు, వయస్సు, తేదీలు, జబ్బు పేరు సరిచూసుకోవాలి. సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ తప్పు పడితే ఎంత తిప్పలో మనకు తెలియనిది కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి. చదువుకున్న మనకే ఈ మాటలు ఇంత కష్టమైతే, గూడెం నుండి పసిబిడ్డను ఎత్తుకుని వచ్చిన తల్లి సంగతేమిటి? మనం పెనుబల్లి ఆసుపత్రికి వెళ్ళిన రోజున వరుసలో పక్కనున్న వారి చీటీని కూడా ఒకసారి చదివి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలుగులో చెబుదాం. విశ్రాంత ఉద్యోగులుగా మనం చేయదగిన సేవ ఇది.