పనిబట్టల బొంత

మ్యూజియం అంటే మాకు మొదట్నుంచీ బెరుకే. రాజుల కత్తులు, రాణుల నగలుండే చోట మనబోటి వాళ్ల వస్తువులకు చోటెక్కడిది? కానీ వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో మేము ఒక బొంత ముందు ఆగిపోయాం. చుట్టూ కళ్లు చెదిరే రంగుల బొంతలుంటే ఇది మాత్రం వెలిసిపోయి ఉంది. దీన్ని 1942లో మిస్సోరీ పెట్‌వే అనే నల్లజాతి స్త్రీ కుట్టింది. చనిపోయిన భర్త పనిబట్టల్నే కత్తిరించి, ముక్కలు అతికి, కప్పుకోడానికి కుట్టుకుంది.

ఆమెది అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్. మూడు పక్కలా నది. 1816లో జోసెఫ్ గీ అనే తెల్లదొర అక్కడ పత్తి సాగు పెట్టాడు. 1845లో అది మార్క్ పెట్‌వే చేతికొచ్చింది. అతను సుమారు 100 మంది బానిసల్ని నార్త్ కరోలినా నుంచి నడిపించుకొచ్చాడు. 1865లో బానిసత్వం రద్దయింది గానీ దొర ఇంటిపేరు పోలేదు, దొర భూమిలో పాలుకు చెయ్యడమూ పోలేదు. 1932లో అప్పు కింద పశువుల్నీ పనిముట్లనీ తిండిగింజల్నీ ఊడ్చుకుపోయారు. ఓటుహక్కు పోరాటాల కాలంలో, 1962లో, నది దాటించే పడవను ఆపేశారు. అది మళ్లీ నడిచింది 2006లోనే. అయినా 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ' అనే సహకార సంఘం పెట్టుకుని బొంతలు అమ్మారు.

2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ఈ బొంతల ప్రదర్శన మొదలయ్యాక లోకం వీటిని కళ అంది. కళ అన్నాక డబ్బు ఎవరికి అన్న ప్రశ్నా వచ్చింది. 2007లో కొందరు స్త్రీలు కోర్టుకెక్కారు. మరుసటి ఏడు ఆ కేసు ముగిసింది. గోడకెక్కినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదు. కానీ ఒకటి జరిగింది: బొంత పక్కన కుట్టినామె పేరుంది.

మన అమ్మలూ పాతచీరలు పొరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టారు. చుట్టాలొస్తే మనం వాటిని మూలకు నెట్టేశాం. చదువుకున్నాక మరీ సిగ్గుపడ్డాం. మన వస్తువుల్ని మనమే దాచేస్తే చరిత్ర రాసేవాళ్లను తిట్టి ఏం లాభం?

1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ నల్లజాతి పోరాటం నుంచి పేరు తెచ్చుకుంది. పేరు రాసిపెట్టే అలవాటు కూడా తెచ్చుకుందాం. ఇంట్లో బొంత ఉంటే పారెయ్యకండి. అమ్మనడగండి: ఈ ముక్క ఎవరి చీర? ఏ ఏడు కుట్టావు? ఆ ఏడు కూలి ఎంత? ఆమె చెప్పింది చెప్పినట్టు రాయండి. పైన ఆమె పేరు రాయండి.