మెడోస్ టేలర్ తవ్విన బొందలు

మీ ఊరి చరిత్ర ఏందని బోధన్ పిల్లలను అడిగితే అస్మక రాజధాని పోదన అంటరు, దేవల్ మసీదు అంటరు, 1937 నాటి నిజాం షుగర్ ఫ్యాక్టరీ అంటరు. రాజు, గుడి, మిల్లు. వీటన్నిటికంటే పాత చరిత్ర తెలంగాణ చెలకల్లో రాళ్ల వలయాలై పడి ఉన్నది. జనం వాటిని రాకాసిగుళ్లు అంటరు. అవి గుళ్లు కావు, ఇనుప యుగపు మనుషుల సమాధులు. మన మాటల్లో బొందలు.

నిజాం రాజ్యంలో వాటిని తవ్వి, లోపల దొరికింది దొరికినట్టు రాసిపెట్టిన తొలి మనుషుల్లో ఫిలిప్ మెడోస్ టేలర్ ఒకడు. 1808లో లివర్‌పూల్‌లో పుట్టి, 1824లో నిజాం సైన్యంలో చేరిండు. సాహిత్యం చదువుకున్న నాకు మొదట పరిచయమైంది 1839లో థగ్గుల మీద నవల రాసిన టేలరే. పురావస్తు పనికి దారి పడింది మాత్రం సురపురంలో. ఇప్పటి యాద్గిర్ జిల్లా, అప్పుడు బేడ నాయకుల సంస్థానం. బేడలంటే మన బోయలే. అక్కడి బాలరాజు వెంకటప్ప నాయకుడు టేలర్‌ను 'అప్పా' అని పిలిచేవాడు. అదే పిల్లవాడు పెద్దయి 1858లో ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడి, శిక్ష పడ్డాక తుపాకి గుండుకు ప్రాణం విడిచిండు. ఆ కథ వేరే రాయాలె.

భీమా నది దిక్కు జేవర్గిలో టేలర్ తవ్వితే కుండలు, అస్థిపంజరాలు బయటపడ్డయి. కొన్నిట్ల తల ఒక దిక్కు, మొండెం ఒక దిక్కు. ఇది నరబలి అని ఆయన తేల్చిండు. 1860లో కొలువు విడిచి డబ్లిన్‌లో స్థిరపడ్డంక, ఈ సమాధులను అక్కడి రాతి సమాధులతో పోల్చి రాయల్ ఐరిష్ అకాడమీ సంచికలో అచ్చు వేసిండు. కట్టినవాళ్లు ఎక్కడినుంచో వచ్చిన సిథియన్లని ఆయన ఊహ.

నాకు ఇక్కడే పేచీ. శవం కుళ్లినంక ఎముకలు ఏరి మళ్లీ పూడ్చడం ఆ కాలపు ఆనవాయితీల్లో ఒకటని తర్వాతి తవ్వకాలు చూపినయి. తల విడిగా ఉన్నంత మాత్రాన బలి కాదు. ఊరు రాకాసులన్నది, దొర సిథియన్లన్నడు. ఈ మట్టి మనుషులే అంత బరువు రాళ్లు ఎత్తి తమ చావులను గౌరవించుకున్నరని ఇద్దరికీ తోచలేదు.

ఆ ఎముకలు మాలలవి, మాదిగలవి అని నేననను. ఆ కాలానికి మన కులాల పేర్లు అతికిస్తే అది చరిత్ర కాదు. కానీ పీనుగును కాల్చకుండ పూడ్చేవాళ్లం ఇప్పటికీ ఉన్నం. మా ఊరి బొందలగడ్డ చెరుకు చేన్ల నడుమ ఏటా రెండు సాళ్లు తగ్గుతున్నది. మా తాత బొంద ఏ సాలు కింద ఉన్నదో చెప్పే మనిషి లేడు.

టేలర్ 1876లో చనిపోయిండు. 1941లో యాజ్దానీ పూనికతో హైదరాబాద్ పురావస్తు శాఖ ఆయన వ్యాసాలను పుస్తకంగా తెచ్చింది. ఇంగ్లీషు వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు చదవండి. మీ చెలకల్ల రాళ్ల వలయం కనబడితే రాయి కదిలించకండి. పక్కన కర్ర పెట్టి ఫొటో తీయండి, ఊరి పేరు, సర్వే నంబరు రాసి పంపండి. ఊరి బొందలగడ్డ సర్వే నంబరు కూడా.