నేరేడు - మధుమేహము - కంటిచూపు

సంకల్పము చెప్పుకొనునపుడెల్ల మనము జంబూద్వీపమును స్మరింతుము. జంబువనగా నేరేడు. 2022 వఱకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, పిదప అనకాపల్లి జిల్లాలో చేరిన మా చోడవరమున వెలసిన స్వయంభూ విఘ్నేశ్వరునకును నేరేడు ప్రీతికరమని పెద్దలందురు. చెఱకు పండించి బెల్లము వండు సీమ మాది. తీపిరోగమునకు నేరేటిగింజ మందను మాట మాకు చిన్ననాటినుండి పరిచితమే. అందు నిజమెంతయో విన్నవించెదను.

చరక సుశ్రుతులు ప్రమేహములను 20 విధములుగా విభజించి, మధుమేహమును వాతజములలో చేర్చిరి. పిదపటి వైద్యగ్రంథములు చికిత్సలో జంబువును పేర్కొనినవి. అయితే ఈ వ్యాధి కంటిలోపలి పొరను చెఱచుట చూచుటకు నాడు సాధనము లేదు. 1851లో జర్మనీ దేశీయుడగు హెల్మ్‌హోల్ట్జ్ కంటిలోపల చూచు యంత్రమును నిర్మించెను. కొలది యేండ్లకే వియన్నా వైద్యుడు యేగర్ మధుమేహి కంటిలోని మార్పులను కనుగొనెను.

నేరేటితొక్కకు ఆ ఊదారంగు నిచ్చునవి ఆంథోసయనిన్ అను వర్ణద్రవ్యములు. 1835లో మార్క్వార్ట్ వీనికి ఆ పేరిడెను. రెండవ ప్రపంచయుద్ధమున ఆంగ్లవైమానికులు బిల్‌బెర్రీ అను చిఱుపండ్ల మురబ్బా తిని రాత్రివేళ చక్కగా చూచిరను కథ పుట్టెను. తరువాతి కట్టుదిట్టమైన పరీక్షలలో అది నిలువలేదు. ప్రయోగశాలలో ఈ రంగులు కణములను కొంత కాపాడుట నిజమే. మధుమేహి చూపును నిలుపునని మాత్రము రుజువు కాలేదు.

రుజువైనది వేఱొకటి కలదు. ఇన్సులిన్‌పై ఆధారపడిన 1,441 మందిని అమెరికా, కెనడాలలో పరీక్షించి 1993లో ఫలితములను ప్రకటించిరి. రక్తమున చక్కెరను గట్టిగా అదుపులో నుంచినవారిలో ఈ నేత్రరోగము క్రొత్తగా పుట్టుట 76 శాతము తగ్గెను.

ఇక నా కథ. ఎనిమిదేండ్లు నేరేటిగింజల చూర్ణమునే నమ్మి కన్నులను పరీక్ష చేయించుకొనక యుంటిని. నొప్పి లేదు, మసక లేదు. ఒకనాడు భాగవతము చదువుచుండగా అక్షరములపై నల్లని దారములు వ్రేలాడెను. లోపల రక్తము చిమ్మినదని వైద్యులు చెప్పిరి. లేజరు చికిత్సతో కుడికన్ను దక్కినది. ఎడమకంటికి దీపపు వెలుగు మాత్రమే తెలియును. తప్పు నేరేటిది కాదు, నాది.

కావున సోదరులారా, నేరేడు దొరకినపుడు మితముగా తినుడు. మందు మానకుడు. ఏటేట కంటిలో చుక్కలు వేయించి లోపలిపొరను చూపించుకొనుడు. చూపున్నపుడే కంటిని చూపించుకొనవలెను గదా!