రిటైల్, ఓఈఎం ప్రాసెసర్లు (ఓవర్‌క్లాకింగ్)

ఒకే ప్రాసెసర్ రెండు రూపాల్లో అమ్ముడవుతుంది. రిటైల్ రకం అట్టపెట్టెలో తయారీదారు వారంటీతో వస్తుంది. ఇంటెల్ విషయంలో సాధారణంగా 3 ఏళ్లు. కంప్యూటర్ తయారీ సంస్థలకు ట్రేలలో సరఫరా చేసే ఓఈఎం రకానికి కూలర్ ఉండదు, వారంటీ పూచీ అమ్మినవారిదే. చిప్ మాత్రం ఒకటే. ఓవర్‌క్లాకింగ్‌లో, అంటే చిప్‌ను నిర్ణీత వేగాన్ని మించి నడిపినప్పుడు, అందే వేగం ఆ చిప్ నాణ్యతను, వోల్టేజీని, కూలింగ్‌ను బట్టి ఉంటుంది.

1998లో వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్ సెలెరాన్ 300ఎ ఓవర్‌క్లాకింగ్‌కు పేరుమోసిన ఉదాహరణ. దాని మల్టిప్లయర్ (బస్ వేగాన్ని గుణించే సంఖ్య) 4.5 దగ్గర లాక్ అయి ఉండేది. మదర్‌బోర్డులో బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు పెంచితే, చాలా చిప్‌లు 300 నుంచి 450 మెగాహెర్ట్జ్‌కు చేరేవి. రిటైల్ పెట్టెలో ఫ్యాన్‌తో కూడిన హీట్‌సింక్ ఉండేది కాబట్టి కొత్తవారికి అదే మేలుగా ఉండేది. కానీ 2015 నాటి స్కైలేక్ ‘కె’ రకాల (మల్టిప్లయర్ లాక్ లేని ప్రాసెసర్ల) రిటైల్ పెట్టెల్లో ఇంటెల్ కూలర్ పెట్టలేదు. వాటిలో రిటైల్, ఓఈఎం రకాల తేడా ప్రధానంగా వారంటీలోనే. ఓవర్‌క్లాకింగ్ వల్ల చిప్ పాడైతే అదీ వర్తించకపోవచ్చు.